కవచధారులైన డైనోసార్ల వర్గీకరణ: గోదావరీ లోయ నేర్పు పాఠము

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



జూబిలీ సభలో గడచిన డెబ్బది అయిదు సంవత్సరాలను స్మరించుకొనుట ఆచారము. విజ్ఞానశాస్త్రం కోట్ల సంవత్సరాలను స్మరిస్తుంది. అట్టి స్మరణలో ఒక చిన్న భాగమే నేటి విషయం: వీపున పలకలను, ముళ్లను ధరించిన డైనోసార్లను శాస్త్రజ్ఞులు ఏ ఆధారంతో గుంపులుగా విభజిస్తారు, ఆ గుంపులకు హద్దులు ఎట్లు నిర్ణయిస్తారు అన్నది. వర్గీకరణ పాఠం ప్రతి సైన్సు వాచకంలోను ఉన్నది. పిల్లలు ఆ పేర్లను కంఠస్థం చేస్తారు, పరీక్షలో వ్రాస్తారు. ఆ హద్దును అక్కడనే ఎందుకు గీశారన్న ప్రశ్న మాత్రం తరగతిలో అరుదుగా వినబడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుటకు కవచధారి డైనోసార్లు మంచి ఉదాహరణ. వీటిని గూర్చిన చర్చలో గోదావరీ తీరపు శిలలు కూడ సాక్ష్యం పలుకుతున్నవి.

ముందుగా ఊరి సంగతినే తీసుకొందము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడుటకు పూర్వం కల్యాణసింగ్‌పూర్ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాకు చెందినది. పిమ్మట కొరాపుట్ జిల్లాకు చెందినది. 1992లో రాయగడ జిల్లా ఏర్పడగా దానిలో చేరినది. ఊరు ఉన్నచోటనే ఉన్నది, నాగావళి పారుచున్నచోటనే పారుచున్నది. మారినవి హద్దులు మాత్రమే. పరిపాలనా సౌలభ్యం కొరకు మనుష్యులు గీసిన గీతలు కాబట్టి వాటిని మనుష్యులే మార్చగలిగారు. జంతువుల వర్గాలు కూడ ఇట్టి గీతలేనా? లేక మనము గుర్తించినా గుర్తింపకపోయినా ప్రకృతిలో నిజంగా ఉన్న బంధుత్వములా? వర్గీకరణ శాస్త్రం రెండు శతాబ్దాలకు పైగా ఈ ప్రశ్నతోనే పెనుగులాడినది.

ఈ ప్రాంతపు కొండలలో డైనోసారు ఎముకలు దొరకునా అని పిల్లలు అడుగుట సహజం. దొరకవు. నియమగిరి మొదలైన ఈ తూర్పు కనుమల శిలలు అత్యంత ప్రాచీనములు. ఇక్కడి ప్రధాన శిలకు ‘ఖోండలైట్’ అని పేరు. ఇరువదవ శతాబ్దపు ఆరంభంలో టి.ఎల్. వాకర్ అను భూవిజ్ఞాని ఈ కొండలలో నివసించు కోంధుల పేరిట దానికి ఆ నామకరణం చేశారు. ఒకప్పుడు బురదగా, ఇసుకగా పేరుకొన్న పదార్థమే భూగర్భపు వేడికి, ఒత్తిడికి రూపుమారి ఈ శిల అయినది. ఆ మార్పు జరిగి వంద కోట్ల సంవత్సరాల వరకు అయినదని అంచనా. అప్పటికి ఎముకలు గల జంతువే భూమిపై లేదు. డైనోసార్లు కనిపించినది సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం మాత్రమే. కనుక వాటి జాడ కావలెనన్న, ఆ కాలంలో నదులు, చెరువులు ఒండ్రు పోసిన లోయకు పోవలెను. తెలుగువారికి సమీపంలో ఉన్న అట్టి లోయ ప్రాణహిత–గోదావరి లోయ. సింగరేణి బొగ్గు దొరకునది ఆ లోయలోని పాత పొరలలోనే. బొగ్గు పొరలకంటె చాల తరువాత ఏర్పడిన ఒక శిలాసముదాయాన్ని ‘కోట శిలలు’ అంటారు. సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అను గ్రామం వలన ఆ పేరు వచ్చినది.

ఈ కోట శిలలు జురాసిక్ యుగపు తొలి భాగానికి, అనగా సుమారు 19 కోట్ల సంవత్సరాల నాటికి చెందినవని పలువురి అభిప్రాయం. వీటినుండియే కలకత్తాలోని భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు ‘బరపాసారస్ టాగోరై’ అను మహాకాయాన్ని వెలికితీసి 1975లో లోకానికి పరిచయం చేశారు. ‘పెద్ద కాలు గల బల్లి’ అను అర్థముతో పేరు పెట్టి, విశ్వకవి రవీంద్రుని అందులో స్మరించుకొన్నారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ను వర్ణించారు. యామనపల్లి గ్రామ సమీపంలో దొరికిన ఆ ఎముకలు అప్పటికి ఆంధ్రప్రదేశ్‌వి. 2014 నుండి ఆ నేల తెలంగాణలో ఉన్నది. హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలిపిన ఆ అస్థిపంజరాన్ని చూచిన పూర్వ విద్యార్థులు ఈ సభలో కొందరైనా ఉండవచ్చును. ఈ రెండూ పొడవాటి మెడ గల శాకాహారులు. నేటి కథానాయకులు వీరు కారు. అవే శిలలలో దొరికిన, అరచేతిలో ఇమిడే కొన్ని అస్థిపలకలే నేటి ముఖ్యాంశం. వాటి విలువ తెలియవలెనన్న ముందుగా ‘నిర్వచనం’ అనగా ఏమో తెలియవలెను.

నిర్వచనాన్ని పరీక్షించు పద్ధతి మన దేశానికి క్రొత్త కాదు. పదునేడవ శతాబ్దంలో తర్కసంగ్రహాన్ని రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. ఒక వస్తువునకు లక్షణం చెప్పునప్పుడు మూడు దోషాలు కలుగరాదని తర్కశాస్త్రం విధిస్తుంది. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అనునవి ఆ మూడు. వీటికి ఆవునే ఉదాహరణగా చూపుట పరిపాటి. కపిల వర్ణం గలది ఆవు అన్నచో తెల్లావు, నల్లావు విడిపోతవి, ఇది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అన్నచో గేదె, మేక కూడ వచ్చి చేరుతవి, ఇది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట గలది ఆవు అన్నచో ఏ ఆవునకూ ఆ లక్షణం లేదు, ఇది అసంభవము. పలకల డైనోసార్లను నిర్వచింపబోయిన పాశ్చాత్య శాస్త్రజ్ఞులు కూడ ఈ మూడు గోతులలోను కాలు జారినవారే.

అసంభవంతో ఆరంభింతము. 1893లో రిచర్డ్ లిడెకర్ ఇంగ్లండులోని పీటర్‌బరో దగ్గర దొరికిన ఒక దవడ ఎముకకు ‘సార్కోలెస్టిస్’ అని పేరు పెట్టారు. ‘మాంసాన్ని దోచుకొనునది’ అని దాని అర్థం. ఆయన దానిని మాంసాహారిగా భావించారు. అది ఆకులలములు తిని జీవించిన కవచధారి డైనోసారు దవడ అని తరువాతివారు తేల్చారు. పేరు మాత్రం నేటికీ అదే. నియమావళి ప్రకారం ముందు పెట్టిన పేరును అర్థం కుదరలేదన్న కారణంతో మార్చుటకు వీలులేదు.

అతివ్యాప్తికి ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. జబల్‌పూర్‌లోని బారా సిమ్లా కొండపై చార్లెస్ మాట్లే సేకరించిన ఎముకలకు 1920 దశకంలో ‘లామెటాసారస్’ అని పేరు పెట్టారు. నడుము ఎముకలు, కాలి ఎముక, వాటితోబాటు అనేక కవచపు పలకలు ఒకచోట దొరకుటచే అది కవచధారి డైనోసారు అని ఆయన వర్ణించారు. ఆ నడుము, ఆ కాలు రెండు కాళ్లపై నడచు మాంసాహారివని, పలకలు వేరొక జంతువువని పిమ్మట స్పష్టమైనది. రెండు జంతువుల ఎముకలు కలసి ఒక జంతువుగా చలామణి అయినవన్నమాట. పలకలున్నవి కాబట్టి కవచధారుల వర్గమే అను తొందరపాటు దీనికి మూలం. నిజానికి మొసలి వీపున అస్థిపలకలు ఉన్నవి. పొడుగుమెడ డైనోసార్లలో టైటానోసార్లకు కూడ ఉండేవని 1980లో అర్జెంటీనాలో వర్ణించిన ‘సాల్టాసారస్’తో రుజువైనది. అట్టి టైటానోసారు పలక భారతదేశంలో కూడ నిస్సందేహంగా గుర్తింపబడినట్లు 2009లో డెమిక్, విల్సన్, శంకర్ చటర్జీ ప్రకటించారు. ఈ కనుమలలోని అలుగును ఎరిగినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. అలుగుకు, తాబేలుకు, మొసలికి ముగ్గురికీ కవచం ఉన్నది. అలుగు పొలుసు గోరు పదార్థంతో అయినది, మొసలి పలక ఎముకతో అయినది. ముగ్గురూ దగ్గరి బంధువులు కారు. ఒకే అవసరం వేర్వేరు వంశాలవారికి ఒకే తీరు దుస్తులు తొడగినది, అంతే.

ఇక అవ్యాప్తి. ‘స్టెగోసారస్’ అనగానే చిత్రపటాలలో కనిపించు, వీపున నిలువుగా లేచిన పెద్ద పలకలు గుర్తుకు వస్తవి. అవే లక్షణమన్నచో ఆఫ్రికాలోని టెండగూరులో దొరికిన ‘కెంట్రోసారస్’ బయటకు పోతుంది. దానికి మెడవైపు చిన్న పలకలు, నడుము నుండి తోక వరకు పొడుగాటి ముళ్లు ఉన్నవి. చైనాలోని సిచువాన్‌లో దొరకగా 1982లో పేరు పొందిన ‘హుయాయాంగోసారస్’ పలకలు చిన్నవి. స్టెగోసారస్‌కు లేని ముందుపళ్లు దానికి ఉన్నవి. అయినను ఎముకల నిర్మాణమంతటిని బట్టి చూడగా ఇవి స్టెగోసారస్ బంధువులే.

ఇట్టి చిక్కుల నడుమ చరిత్ర ఎట్లు నడచినదో క్లుప్తంగా చెప్పవలసి ఉన్నది. 1842లో రిచర్డ్ ఓవెన్ ‘డైనోసార్లు’ అను పేరును సృష్టించినప్పుడు ఆయన ముందున్న మూడు జంతువులలో ఒకటి కవచధారియే. గిడియన్ మాంటెల్ 1833లో వర్ణించిన ‘హైలియోసారస్’ అది. 1877లో అమెరికాలో ఓత్నీల్ మార్ష్ స్టెగోసారస్‌కు నామకరణం చేశారు. పలకలు ఇంటిపై పెంకులవలె వీపుపై పరచుకొని ఉండేవని ఆయన మొదట ఊహించుటచే ‘పైకప్పు గల బల్లి’ అను పేరు కలిగినది. పలకలు నిలువుగా ఉండేవని తరువాత తేలినది గాని పేరు నిలిచిపోయినది. 1887లో హ్యారీ సీలీ కటి ఎముకల అమరికను బట్టి డైనోసార్లను రెండుగా విభజించగా, కవచధారులు ‘పక్షి కటి’ గలవారి వైపు చేరినవి. పక్షులు మాత్రం రెండవ వైపువారి సంతతి అనుట శాస్త్రచరిత్రలోని ఒక వినోదం. 1915లో హంగేరీ పండితుడు ఫ్రాంజ్ నోప్చా ‘థైరియోఫోరా’, అనగా ‘డాలు ధరించినవి’, అను పేరును కల్పించారు. ఆయన అందులో కొమ్ముల డైనోసార్లను కూడ చేర్చారు. నేడు అవి అందులో లేవు. 1923లో హెన్రీ ఆస్బోర్న్ ‘అంకిలోసార్లు’ అను పేరు పెట్టారు. బల్లపరుపుగా, నేలకు దగ్గరగా, ఒళ్లంతా పలకలు పరచుకొని ఉండు జంతువులివి. వీటిలో కొన్నింటికి తోక చివర గదవంటి ఎముక ముద్ద ఉన్నది.

ఇట్లు ఒకే పేరు ఒక్కొక్కరి పుస్తకంలో ఒక్కొక్క అర్థం ఇచ్చుచుండగా, వేరొక మార్గం చూపినవారు జర్మనీ కీటకశాస్త్రజ్ఞుడు విల్లీ హెన్నిగ్. 1950లో ప్రచురించిన గ్రంథంలో ఆయన చెప్పిన మాట సరళమైనది. వర్గమనగా పోలిక కాదు, వంశము. ఒక పూర్వికుడు, అతని సంతతి మొత్తము, ఒక్కరిని విడువకుండ, పరులను కలుపుకొనకుండ చేరినప్పుడే అది నిజమైన వర్గము. పోలికలు ఆ వంశాన్ని కనుగొనుటకు ఆధారములే గాని అవే వంశము కావు.

దీనిని ఇంటి సంగతితో పోల్చవచ్చును. తండ్రికి ఇద్దరు కుమారులు. వేరుపడిన పిమ్మట పెద్దవాని సంతతి ఒక శాఖ, చిన్నవాని సంతతి ఒక శాఖ అయినవి. పెద్దవాని శాఖను నిర్వచించుటకు ‘ఉంగరాల జుట్టు గలవారు’ అనిన ప్రయోజనం లేదు. చిన్నవాని మనుమలలో కూడ అట్టి జుట్టు ఉండవచ్చును, పెద్దవాని మనుమలలో లేకపోవచ్చును. ‘పెద్దవాని మునిమనుమడైన ఫలానావానికి దగ్గరివారు, చిన్నవాని మునిమనుమడైన ఫలానావానికి దగ్గరివారు కానివారు’ అని చెప్పిన హద్దు స్పష్టము. అన్నదమ్ములు వేరుపడిన క్షణం నుండి ఇటువైపు ఉన్నవారందరు అందులో ఉంటారు. దీనిని శాఖా నిర్వచనమనవచ్చును. ‘ఈ ఇద్దరి ఉమ్మడి పూర్వికుడు, ఆయన సంతతి అంతయు’ అని చెప్పుట రెండవ పద్ధతి. చెరకుగడపై కణుపును చూపి, అక్కడినుండి పైనున్నదంతా అన్నట్లు ఉండుటచే దీనిని కణుపు నిర్వచనమనవచ్చును.

కవచధారులకు ఈ రెండు పద్ధతులను అన్వయించినవారిలో పాల్ సెరెనో ముఖ్యులు. 1986లోను, 1998లోను వెలువడిన ఆయన రచనలు దీనికి బాట వేసినవి. వంశములను బట్టి పేర్లను నియంత్రించు ‘ఫైలోకోడ్’ అను నియమావళి 2020లో అమలులోనికి వచ్చినది. 2021లో డేనియల్ మాడ్జియా, ఆయన సహచరులు పక్షికటి డైనోసార్ల వర్గనామాలకు ఆ నియమావళి ప్రకారం నిర్వచనాలను స్థిరపరచారు. వాటి సారాంశమిది.

స్టెగోసారస్‌ను, అంకిలోసారస్‌ను కలుపుకొని, ఇగ్వానోడాన్‌ను, ట్రైసెరటాప్స్‌ను కలుపుకొనని అత్యంత విశాలమైన వంశశాఖ థైరియోఫోరా. స్టెగోసారస్, అంకిలోసారస్ రెండింటినీ కలుపుకొను అత్యంత చిన్న వంశశాఖ ‘యూరిపోడా’, ఇది కణుపు నిర్వచనం. స్టెగోసారస్‌ను కలుపుకొని అంకిలోసారస్‌ను కలుపుకొనని విశాలశాఖ స్టెగోసార్లు. దానికి తిరుగుడుగా, అంకిలోసారస్‌ను కలుపుకొని స్టెగోసారస్‌ను కలుపుకొననిది అంకిలోసార్లు. స్టెగోసార్లలో మరల, హుయాయాంగోసారస్ కంటె స్టెగోసారస్‌కు దగ్గరివి స్టెగోసారిడ్‌లు, స్టెగోసారస్ కంటె హుయాయాంగోసారస్‌కు దగ్గరివి హుయాయాంగోసారిడ్‌లు.

ఈ నిర్వచనాలలో పలక అను మాట గాని, ముల్లు అను మాట గాని లేకపోవుట గమనింపదగినది. అవ్యాప్తి, అతివ్యాప్తి ఇక్కడ ప్రవేశింపజాలవు. పలకలు, ముళ్లు, పళ్లు, కటి ఎముకలు పనికిరానివని దీని అర్థం కాదు. ఏది ఎవరికి దగ్గరో తేల్చుటకు వందలాది లక్షణాలను పట్టికగా వ్రాసి, గణకయంత్ర సహాయంతో వంశవృక్షాన్ని నిర్మిస్తారు. నిర్వచనం హద్దురాయి వంటిది. లక్షణాలు సాక్షుల వంటివి. సాక్షులు మారినచో తీర్పు మారవచ్చును, హద్దురాయి మారదు.

హద్దురాయి దృఢంగా ఉండవలెనన్న అది పాతిన నేల గట్టిదై ఉండవలెను గదా. స్టెగోసారస్ ప్రజాతికి మూలరూపంగా మార్ష్ 1877లో ఎన్నుకొన్న ‘స్టెగోసారస్ అర్మాటస్’ ఎముకలు అసంపూర్ణములు, వాటితో ఇతర జాతులను పోల్చి చెప్పుట కష్టము. ప్రపంచమంతట స్టెగోసారస్ అని చెప్పుకొను రూపం 1887 నాటి ‘స్టెగోసారస్ స్టెనాప్స్’ది. దాదాపు పూర్తి అస్థిపంజరం దానికి ఆధారం. కనుక మూలజాతిని మార్చవలెనని పీటర్ గాల్టన్ విన్నవించగా, అంతర్జాతీయ జంతునామకరణ సంఘం 2013లో అంగీకరించినది. నూట ముప్పదియారు సంవత్సరాల పాత పొరపాటును వాదం వినిపించి, కారణం చూపి, బహిరంగంగా సరిదిద్దిన తీరు ఇది.

సాక్షులు మారినచో తీర్పు మారునన్న దానికి ‘సెలిడోసారస్’ ఉదాహరణ. ఇంగ్లండు దక్షిణ తీరంలోని చార్మత్ దగ్గర దొరికిన ఈ జంతువును ఓవెన్ 1861లో వర్ణించారు. నూట అరువది సంవత్సరాల వరకు ఎవరును దీనిని ఆమూలాగ్రంగా పరిశీలింపలేదు. డేవిడ్ నార్మన్ 2020, 2021లలో ఆ పని పూర్తిచేశారు. స్టెగోసార్లు, అంకిలోసార్లు వేరుపడక ముందటి కొమ్మ ఇదని పలువురి భావన. అట్లయినచో ఇది థైరియోఫోరాలో ఉండి యూరిపోడాకు వెలుపల నిలుస్తుంది. ఇది అంకిలోసార్ల వైపు కాండానికి చెందినదని నార్మన్ వాదించారు. ఆ వాదమే నిజమైనచో, పైన చెప్పిన నిర్వచనం ప్రకారం ఇది అంకిలోసార్లలో చేరుతుంది. నిర్వచనంలో ఒక్క అక్షరం మారలేదు. బంధుత్వాన్ని గూర్చిన అవగాహన మారినందున సభ్యత్వం మారుతున్నది.

ఇప్పుడు కోట శిలలలోని అస్థిపలకల వద్దకు రావచ్చును. 2002లో నాథ్, యాదగిరి, మొయిత్రా అను భూవిజ్ఞానులు ప్రాణహిత–గోదావరి లోయలో తొలిసారిగా కవచధారి డైనోసారు అవశేషాలు దొరికినవని భారత భూవైజ్ఞానిక సంఘపు పత్రికలో ప్రకటించారు. 2019లో గాల్టన్ ఆ పలకలను పునఃపరిశీలించి, అవి అంకిలోసారువే అని, ప్రపంచంలో ఇంతవరకు తెలిసిన అంకిలోసారు అవశేషాలలో అత్యంత ప్రాచీనములని వ్రాశారు.

ఇది ఎందుకు గొప్ప సంగతి? అన్నదమ్ముల ఉదాహరణకు మరల పోవలెను. చిన్నవాని మనుమడు ఫలానా సంవత్సరంలో జీవించి ఉన్నాడని రుజువైనచో, అన్నదమ్ములు వేరుపడినది అంతకు పూర్వమేనని పెద్దవాని శాఖకు సంబంధించిన ఒక్క కాగితం చూడకుండగనే చెప్పవచ్చును. స్టెగోసార్లు, అంకిలోసార్లు అట్టి తోడబుట్టిన శాఖలు. స్టెగోసార్ల స్పష్టమైన ఎముకలు జురాసిక్ యుగపు మధ్యభాగం నుండి, అనగా సుమారు 17 కోట్ల సంవత్సరాల నాటి నుండి దొరుకుతున్నవి. గోదావరీ లోయలోని పలకలు నిజంగా 19 కోట్ల సంవత్సరాల నాటి అంకిలోసారువే అయినచో, స్టెగోసార్ల శాఖ కూడ అప్పటికే విడివడి ఉండవలెను. రెండు కోట్ల సంవత్సరాల చరిత్ర ఇంకను మట్టిలో దాగి ఉన్నదన్నమాట. అరచేతిలో ఇమిడే ఎముక ముక్క ప్రపంచమంతటి వంశవృక్షపు తేదీలను వెనుకకు జరుపగలదు.

ఈ ‘అయినచో’ అను మాట విడువరానిది. పుర్రె లేదు, కటి ఎముకలు లేవు, ఉన్నవి పలకలే. లామెటాసారస్ నేర్పిన గుణపాఠం ఇక్కడ గుర్తుంచుకొనవలెను. పలకల ఆకారాన్ని, వాటి అంచులను, అడుగు భాగపు పల్లాన్ని, పలుచగా కోసి సూక్ష్మదర్శిని క్రింద చూచినప్పుడు కనబడు నార అల్లికను బట్టి అంకిలోసారు పలకను మొసలి పలకనుండి వేరుచేయుటకు వీలున్నది. కాని ఆ పలకలు అంకిలోసారువా, లేక సెలిడోసారస్ వంటి పూర్వపు కొమ్మవా అని తేల్చుటకు మరిన్ని ఎముకలు కావలెను. కోట శిలల వయస్సును గూర్చిన అంచనా మారినచో లెక్క కూడ మారుతుంది. రెండు మెట్లలో ఏది కదలినను నిర్ణయం కదలును. ఈ సందేహాన్ని దాచకుండ చెప్పుటయే శాస్త్రధర్మము.

దక్షిణాదిలో దొరికిన మరొక కవచధారి కథ ఇంకను తేలలేదు. 1979లో యాదగిరి, అయ్యసామి తమిళనాడులోని అరియలూరు ప్రాంతపు శిలల నుండి ‘ద్రవిడోసారస్’ను వర్ణించి, అది స్టెగోసారు అన్నారు. ఆ శిలలు తొమ్మిది కోట్ల సంవత్సరాలకు కొంచెం ఇటువి. ఇతర స్టెగోసార్లు చాలవరకు అంతరించిన పిమ్మట దక్షిణ భారతంలో ఒకటి బ్రతికి ఉండుట ఆశ్చర్యకరము. 1996లో శంకర్ చటర్జీ, రుద్ర ఆ తావున లభించినవి ప్లీసియోసారు అను సముద్ర సరీసృపపు ఎముకలని వాదించారు. 2017లో గాల్టన్, అయ్యసామి ఆ వాదాన్ని అంగీకరింపలేదు. పుర్రె, పలక ప్లీసియోసారువి కావని వారి పక్షము. ఒకే ఎముకలను చూచి ఒకరు నేలపై తిరిగిన స్టెగోసారు అనగా, మరొకరు సముద్రంలో ఈదిన జంతువు అనుట పిల్లలకు వింతగా తోచవచ్చును. ఇరుపక్షాలవారు ఏ ఎముకలోని ఏ లక్షణాన్ని బట్టి ఆ మాట అన్నారో వ్రాసిపెట్టారు. కాబట్టి రేపు ఎవరైనను ఆ ఎముకలను చేతబట్టి మరల పరీక్షింపవచ్చును. వాదం ముగియనందుకు శాస్త్రానికి అవమానం లేదు. కారణం చెప్పకుండ ముగించియున్నచో అవమానం ఉండేది.

ప్రపంచంలో క్రొత్త సాక్షులు వచ్చుచునే ఉన్నారు. చిలీ దేశపు దక్షిణ కొనలో దొరికిన ‘స్టెగూరోస్’ను 2021లో వర్ణించినవారు, దక్షిణ ఖండాల అంకిలోసార్లకు ‘పారంకిలోసారియా’ అను ప్రత్యేక శాఖను ప్రతిపాదించారు. మొరాకోలో దొరికిన ‘స్పికోమెల్లస్’కు 2021 నాటికి ఒక ప్రక్కటెముక ముక్కయే ఆధారం. దానికి అతుక్కొనిపోయిన ముళ్లను చూచి కొందరు అనుమానించారు గూడ. 2025లో మరిన్ని ఎముకలు వెలుగుచూడగా, మెడచుట్టు పొడుగాటి ముళ్ల పట్టెడ ధరించిన ప్రాచీన అంకిలోసారు అది అని బలపడినది. అంకిలోసార్లను రెండు కుటుంబాలుగా విభజించు పాత పద్ధతికి బదులు నాలుగుగా విభజింపవలెనని 2023లో థామస్ రావెన్, సహచరులు ప్రతిపాదించారు. వాచకంలోని పట్టిక రేపు మారవచ్చును. పట్టికను వల్లెవేసినవాడు ఆ దినమున తికమకపడును. పట్టిక ఎట్లు తయారైనదో తెలిసినవాడు సంతోషించును.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆలోచింపదగిన సంగతి ఇదే. ‘స్టెగోసారస్ ఏ వర్గానికి చెందినది?’ అను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం వ్రాసి మార్కు పొందవచ్చును. ‘ఆ వర్గానికి హద్దు ఏది? ఆ హద్దులో ఇది ఉన్నదని ఎట్లు తెలిసినది? ఏది దొరికినచో నీ సమాధానం మార్చుకొందువు?’ అను మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగల బిడ్డ డైనోసార్లను గూర్చియే కాదు, దేనిని గూర్చియైనను ఆలోచింపగలడు. రూపురేఖలను, వేషభాషలను చూచి తొందరపడి ఒకరిని ఒక గుంపులో వేయు అలవాటు లోకంలో ఎంత చేటు కలిగించునో పెద్దలకు తెలియనిది కాదు. పోలిక వేరు, బంధుత్వం వేరు అను మెలకువ తరగతి గదిలోనే అలవడవలెను.

మరొక మాట. ఒడిశాలో ఉండి తెలుగులో చదువుకొను పిల్లలకు ఉన్నత విజ్ఞానం తమ భాషలో అందదేమోనన్న శంక కొందరు తల్లిదండ్రులకు ఉన్నది. శాఖ, కణుపు, హద్దురాయి, సాక్షి, అన్నదమ్ముల వేరుపాటు అను ఇంటి మాటలతోను, అవ్యాప్తి, అతివ్యాప్తి అను తర్కపు మాటలతోను ఈ విషయం ఇంతవరకు నడచినది. కొత్త జంతువుల పేర్లు తప్ప అరువు తెచ్చుకొనవలసినది స్వల్పము. భావం తల్లిభాషలో స్థిరపడిన బిడ్డకు రేపు ఏ భాషలో చదివినను అది చెదరదు.

కోట శిలలు ఇంకను పూర్తిగా శోధింపబడలేదు. ఈ పాఠశాల నుండి వెళ్లినవారిలో ఎవరైనను ఒకనాడు ఆ లోయలో నడచుచు, కాలికి తగిలిన రాతిలో ఎముక జాడను గుర్తింపవచ్చును. అట్టివారు దానిని సుత్తితో పగులగొట్టి ఇంటికి తెచ్చుకొనరాదు. దొరికిన తావును, పొరను వ్రాసుకొని, ఫోటో తీసి, భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారికి గాని, సమీప విశ్వవిద్యాలయానికి గాని తెలియజేయవలెను. ఏ పొరలో దొరికినదో తెలియని ఎముక తన వయస్సును చెప్పలేదు. లామెటాసారస్ పలకలు, కోట శిలల పలకలు నేర్పిన పాఠం ఇదియే.

 పాఠశాల శతవార్షికోత్సవ సంచికలో ఇదే విషయంపై ఈనాటి విద్యార్థి ఒకరు క్రొత్త తేదీలతో, క్రొత్త వంశవృక్షంతో వ్రాయుదురు గాక.

స్వస్తి.